కష్టం నిలకడగా ఉంది

మా ఆఫీసు గురించి జనంలో ఒక అపోహ ఉంది. బాలల, కుటుంబాల సహాయ కార్యాలయం అని బోర్డు ఉంది కదా అని నేరుగా లోపలికి వచ్చి సహాయం అడుగుతుంటారు. బోర్డు చూసి లోపలికి రావడం అమాయకుల లక్షణమని మా ప్రాజెక్టు అధికారి పారనంది విశ్వపతి గారు అంటూంటారు. తెలిసినవాళ్లు ముందు దరఖాస్తు పెట్టి, తర్వాత ఊరుకుంటారు. నేను ఆయన దగ్గర సీనియర్ అసిస్టెంటుని. ముప్పై రెండేళ్ల సర్వీసు. ఇక్కడ చెప్పబోయేవన్నీ నా చేతి మీదుగా టైపయినవే కాబట్టి నా మాట నమ్మవచ్చు.

కిందటి మే నెలలో మాకు పద్నాలుగు కుటుంబ సహాయకుల పోస్టులు మంజూరయ్యాయి. వీధి వీధీ తిరిగి, ఇబ్బందిలో ఉన్న పిల్లలెవరో, కుటుంబాలెవరో కనుక్కుని ఆదుకోవడం ఆ ఉద్యోగం. ప్రకటన నేనే రాశాను. సమాజ సేవ చదువు, ఎమ్మెస్‌డబ్ల్యూ, పాసై ఉండాలి అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. విశ్వపతి గారు అది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇదేమిటయ్యా, ఇలాగైతే చదివిన ప్రతివాడూ అర్హుడైపోతాడు. సహాయం అనునది మిక్కిలి సున్నితమైన అంశం. సదరు అభ్యర్థి ఇంతకుపూర్వం సహాయం చేసి ఉన్నాడనుటకు ఆధారమేది?"

ఆధారం కోసం ఆయన ఆకుపచ్చ ఇంకుతో మూడు నిబంధనలు చేర్చారు. అభ్యర్థి ఒక నిర్ధారిత కష్ట కుటుంబానికి తొంభై రోజులు ఎడతెగకుండా సహాయం చేయాలి. రోజూ ఆ కుటుంబం చేత తన రిజిస్టరులో వేలిముద్ర వేయించుకోవాలి. తొంభై రోజులూ సదరు కష్టం సజీవంగా ఉండాలి.

"మధ్యలో కష్టం తీరిపోతేనో సార్?" అని అడిగాను.

"తీరిపోతే రిజిస్టరు చెల్లదు. కష్టమే లేని చోట సహాయం జరిగిందనుటకు ఆధారమేమిటి?"

నిజమే కదా అనిపించింది. ఆ కుర్చీలో కూర్చుంటే నాకు ఏదైనా నిజమే అనిపిస్తుంది.

ప్రకటన వెలువడిన మూడో రోజున గుత్తుల నాగసుధ వచ్చింది. అప్పుడే చివరి సంవత్సరం పరీక్షలు పాసైన పిల్ల. వాళ్ల నాన్న బస్సు డిపోలో టైర్ల పని చేసి రిటైరయ్యాడు. పిల్లలకీ కుటుంబాలకీ పనికొచ్చే ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టి ఈ చదువు చదివిందట. అప్పటికే మూడు చోట్ల తిరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నీకు మోటారు సైకిలు నడపడం వచ్చా అని అడిగారు. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు పిల్లల మనసు కనిపెట్టి చూడడంతో పాటు హిందీ కూడా చెప్పాలన్నారు. ఇంకో చోట మాత్రం అన్నీ బాగున్నాయి గానీ, అక్కడి మేనేజరు గారి మేనకోడలు కూడా ఇదే చదువు చదివింది.

"ఇదొక్కటే మిగిలిందండి బాబాయిగారూ. కుటుంబాల జాబితా ఓసారి చూపించండి, నేనెవరికి చెయ్యాలో చూసుకుంటాను," అంది.

జాబితా చూపించాను. అందులో ఒకే కుటుంబం ఉంది.

దీనికి కారణం చాలా సులువు. కష్ట కుటుంబాలను నిర్ధారించాలంటే సర్వే చేయాలి. సర్వే చేయవలసినవాళ్లు కుటుంబ సహాయకులు. ఆ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఉన్న ఒక్క కుటుంబమూ పోయిన ఏడు ఆఫీసు ప్రారంభోత్సవం నాడు ఫొటో కోసం నిర్ధారించినది. కాలవ గట్టున దోసెల బండి పెట్టుకున్న పెయ్యల వెంకటలక్ష్మి ఆవేళ తన కూతురు దీవెనను బళ్లో చేర్పించమని అడగడానికి, బోర్డు చూసి, లోపలికి వచ్చింది. అంతకుముందు తల్లీకూతుళ్లు రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి వెళ్లి రెండేళ్లు అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి పిల్ల చదివిన పాత బడి మూతపడింది. పాత బడి నుంచి టీసీ తెస్తేనే కొత్త బళ్లో చేర్చుకుంటామన్నారు. మేం ఆమెకి ఒక శాలువా కప్పి, కష్ట కుటుంబం నంబరు ఒకటి అని కార్డు ఇచ్చి పంపాం. టీసీ మాత్రం మా పరిధిలోని అంశం కాదు.

నాగసుధ జాబితాలోని ఆ వివరాలు రెండుసార్లు చదివింది.

"అయితే వీళ్ల కష్టం బడి ఒక్కటేనాండి? టీసీ లేదని పిల్లని వెనక్కి పంపకూడదని చట్టంలోనే ఉందండి. నేను ఒక్క పూటలో చేర్పించేస్తాను."

"అంత పని చేయకు తల్లీ," అన్నాను. "చేర్పించేస్తే కష్టం తీరిపోతుంది. నీ రిజిస్టరు చెల్లదు. మిగతావాళ్లవీ చెల్లవు."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపు నా బల్ల మీద పేపరువెయిట్‌ని అటూ ఇటూ తిప్పి, "అడ్మిషన్లు ఎప్పటిదాకాండి?" అని అడిగింది. ఆగస్టు ముప్పై ఒకటి అన్నాను. ఆ తేదీ దాటితే పేరు కంప్యూటర్లో ఎక్కదు, పిల్లకి ఇంకో ఏడు పోతుంది. అభ్యర్థుల సహాయం జూన్ ఐదున మొదలు కావాలని విశ్వపతి గారు నిర్ణయించారు. జూన్ ఐదు నుంచి తొంభయ్యో రోజు సెప్టెంబరు రెండు. లెక్క మేమిద్దరం ఒకేసారి వేసుకున్నాం. గడువుకి రెండు రోజులు అవతల. అయినా ఆ పిల్లకి ఉద్యోగం కావాలి, నాకు పెన్షను కావాలి.

మొత్తం అరవై ఒక్క మంది అభ్యర్థులు తేలారు. ఒక్కొక్కరికి రోజుకి పది నిమిషాల చొప్పున వేసి, ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టి సాయంత్రం నాలుగూ పదికి ముగిసేలా పట్టిక తయారుచేశాను. అన్నం తినడానికి విరామం పెట్టడం మరిచిపోయిన మాట వాస్తవం. ఆ మాట వెంకటలక్ష్మి అడిగితే, సహాయం ఎడతెగకుండా సాగాలని నిబంధన ఉందని విశ్వపతి గారు జవాబిచ్చారు.

సహాయం జోరుగా సాగింది. అభ్యర్థులందరూ ఒకే రకం పుస్తకాలు చదివినవాళ్లు కావడంతో ఒకే రకం సహాయం చేసేవారు. రోజూ పద్దెనిమిది మంది దీవెనకి చేతులు కడుక్కోవడం నేర్పేవారు. తొమ్మిదేళ్ల పిల్ల, అరచేతులు నానబెట్టిన శనగల్లా ముడతలు పడ్డాయి. పదకొండు మంది కుటుంబ వృక్షం గీశారు. ఆ చెట్టులో మొగుడు కొమ్మ ఎక్కడ గీయాలో అడగడానికి రోజూ పదకొండుసార్లు లారీ మీద పోయి తిరిగిరాని మొగుణ్ని గుర్తు చేశారు. ఒకాయన వెంకటలక్ష్మిని కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చమనేవాడు. ఆ ఊపిరి వదిలేలోపు పెనం మీద దోసె మాడేది.

మూడో వారంలో ఆమె ఆఫీసుకి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆయ్, నేనేం తప్పు సేసేనండి? పొద్దున్నే దోసె తిందారని వచ్చినోళ్లు ఈళ్లని సూసి, ఎవరో పోయేరనుకుని ఎల్లిపోతన్నారండి. అరవై ఒక్క పుస్తకాల్లో ఏలిముద్రలెయ్యాలండి. ఇదిగో, సూడండి, బొటనేలు. దోసెల మీద కూడా నీలం ముద్ర పడతందండి."

విశ్వపతి గారు ఆమె వేలిని శ్రద్ధగా పరిశీలించారు. "మంచిది. జీవనోపాధికి భంగం వాటిల్లినట్లు ప్రాథమికంగా కనబడుచున్నది. కష్టం వృద్ధి చెందిందని నోట్ చేసుకోవయ్యా," అని నాతో అన్నారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, ఇక్కడ పిల్లి చెలగాటానికి కూడా ఆర్డరు ఉంది.

ప్రతి శుక్రవారం నేను కష్ట స్థితి నివేదిక పంపాలి. వారం వారం రాయడానికి కొత్త మాటలు లేక "కష్టం నిలకడగా ఉంది" అని రాసేవాణ్ని. పైనుంచి ఎప్పుడూ ఆక్షేపణ రాలేదు. ఒకసారి మెచ్చుకుంటూ లెటరు కూడా వచ్చింది.

నాగసుధ వంతు పదకొండూ ఇరవైకి. ఆ పిల్ల చేతులు కడిగించలేదు, చెట్టు గీయలేదు. పది నిమిషాల్లో దీవెనకి రోజుకో అక్షరం దిద్దించేది. రిజిస్టరులో చేసిన సహాయం అన్న గడిలో "అ" అని రాసుకొచ్చింది. మర్నాడు "ఆ". ఇదేం సహాయమని నేను అడగలేదు. సాయంత్రాలు రిజిస్టరు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడానికి వచ్చి, నా బల్ల పక్కన కూర్చుని ఫైళ్లు చూసేది. ఓ రోజు, "ఈ కాగితాలన్నిట్లో పైన విషయం, సూచిక అని ఎందుకు రాస్తారండి?" అని అడిగింది.

"అవి లేకపోతే ఎవరూ చదవరమ్మా."

"ఉంటే చదువుతారాండి?"

"చదవరు. సంతకం పెడతారు," అన్నాను.

జూలై చివర్లో ఒక ప్రమాదం తప్పింది. బండి దగ్గర దోసె తింటున్న ఒక రిటైర్డ్ మాస్టారు, పిల్ల సంగతి విని, నేనొచ్చి హెడ్మాస్టరుతో మాట్లాడతానమ్మా అన్నాడట. ఆ సమయంలో వంతులో ఉన్న పోలిశెట్టి వినోద్ అనే అభ్యర్థి వెంటనే అడ్డుపడి, పరాయి వ్యక్తులు సహాయం చేయడం నిషిద్ధమని చెప్పి ఆయన్ని పంపించేశాడు. ఆ చురుకుదనానికి మెచ్చి అభ్యర్థులంతా వినోద్‌ని అధ్యక్షుడిగా పెట్టుకుని కష్ట పరిరక్షణ సంఘం ఏర్పాటు చేసుకున్నారు. బండి దగ్గర ఇద్దరేసి కాపలా. ఎవరైనా ఆ కుటుంబం మీద జాలిపడుతున్నట్టు కనిపిస్తే పేరు, అడ్రసు రాసుకునేవారు. వినోద్ చెడ్డవాడేం కాదు. ఇంటి దగ్గర పెళ్లీడు చెల్లెలూ, మంచంలో తల్లీ ఉన్నారు. వాళ్లకి సహాయం చేస్తే అనుభవం కింద రాదని అతనే ఓసారి నాతో నవ్వుతూ అన్నాడు.

ఆగస్టు ముప్పై ఒకటి పొద్దున్న, ఆఫీసు తీయగానే నాగసుధ వచ్చింది. ఎనభై ఎనిమిదో రోజు.

"బాబాయిగారూ, రెండు రోజులు ముందు వేసుకోవడానికి ఏమన్నా వీలుందాండి? వేలిముద్రలు ఇవాళే మూడు వేయించేస్తాను."

"లేదమ్మా."

"పోనీ పిల్ల పేరు రెండు రోజులాగి ఎక్కించడానికి?"

"అదీ లేదు."

"మా నాన్నకి అపాయింట్‌మెంట్ ఆర్డరు చూపిస్తానని చెప్పేనండి," అంది. తర్వాత నా బల్ల మీదున్న తెల్ల కాగితం ఒకటి అడిగి తీసుకుని వెళ్లిపోయింది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ తర్వాత జరిగింది హెడ్మాస్టరు గారే నాతో చెప్పారు. నాగసుధ తన వంతు వేళకి, వెంకటలక్ష్మితో పాటు దీవెనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చట్టం గురించి చెప్పిందట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా. "చట్టం ఉందమ్మా, నేను కాదనను. కాని ఆ చట్టం మా బడికి కాగితం మీద రావాలిగా," అన్నారట ఆయన. ఆ పిల్ల అక్కడే బెంచీ మీద కూర్చుని కాగితం రాసింది. విషయం: దీవెనను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకొనుట గురించి. సూచిక: సదరు చట్టం. కింద సంతకం, తేదీ, వెంకటలక్ష్మి వేలిముద్ర. "పైన విషయం ఉంది, సూచిక ఉంది. ఇంక నేను చేసేదేముంది, సంతకం పెట్టేశాను," అన్నారు హెడ్మాస్టరు గారు. మొత్తం పది నిమిషాలు పట్టిందట. సరిగ్గా ఒక వంతు.

మర్నాడు ఉదయం ఆరింటికి మొదటి అభ్యర్థి చేతులు కడిగించడానికి వెళ్లేసరికి పిల్ల తల దువ్వించుకుంటోంది. బడికి వెళ్తున్నానంది. ఎనిమిదిన్నరకల్లా అరవై మంది ఆఫీసు ముందు చేరారు.

విశ్వపతి గారు అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "ఎనభై ఎనిమిది రోజుల పాటు మనమందరమూ కంటికి రెప్పలా కాపాడుకొనుచు వచ్చిన కష్టమును ఎవరో దురుద్దేశపూర్వకంగా రూపుమాపినారు. విచారణ జరిపి బాధ్యులను గుర్తించవలసి ఉన్నది. అభ్యర్థులూ, సిబ్బందీ, ప్రతి ఒక్కరూ లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి."

వివరణ నమూనా నేనే టైపు చేశాను. "సదరు కుటుంబానికి నేను ఎప్పుడును ఎట్టి సహాయమూ చేయలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." వినోద్ మొదట సంతకం పెట్టాడు. తర్వాత చేతులు కడిగించిన పద్దెనిమిది మందీ, చెట్టు గీసిన పదకొండు మందీ, ఊపిరి పీల్పించినాయనా, మిగిలినవాళ్లూ వరుసగా వచ్చి పెట్టారు. సహాయ కార్యాలయం బోర్డు కిందే బల్ల వేయించాం, గాలి బాగా వస్తుందని.

చివర్లో నా వంతు వచ్చింది. ఆ పిల్లకి విషయం, సూచిక చెప్పింది నేనేనని ఒక్క క్షణం రాద్దామనిపించింది. రాయలేదు. ఎట్టి సహాయమూ చేయలేదని సంతకం పెట్టాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను సంతకం పెట్టిన నిజమైన కాగితం అదొక్కటే. పెట్టాక నాకు సిగ్గేసింది.

నాగసుధ నమూనా తీసుకోలేదు. "నేనే చేర్పించానండి," అంది.

"అనగా, సహాయం చేసినట్లు అంగీకరించుచున్నావా?"

"అవునండి."

"కుటుంబ సహాయకురాలి పోస్టుకు దరఖాస్తు చేసుకొని ఉండి కూడా?"

"దానికే కదండి చేసుకుంది."

సహాయం చేసినట్లు స్వయంగా ఒప్పుకున్నందున ఆమెను అనర్హురాలిగా ప్రకటిస్తూ అప్పటికప్పుడు ఉత్తర్వు వెలువడింది. ఆ పిల్ల దాన్ని మడతపెట్టి సంచిలో పెట్టుకుని, నాకో నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నేను తలెత్తలేదు.

చిక్కు సాయంత్రానికి గానీ బయటపడలేదు. మిగిలిన అరవై మందీ ఎట్టి సహాయమూ చేయలేదని రాసిచ్చారు కాబట్టి వాళ్లకీ అనుభవం లేదు. పద్నాలుగు పోస్టులూ ఖాళీ. నెల తిరగ్గానే ఖాళీలెందుకున్నాయని పైనుంచి ప్రశ్న వచ్చింది. విశ్వపతి గారు మూడు రోజులు ఆలోచించారు. కొత్తగా ఇంకో కష్ట కుటుంబాన్ని నిర్ధారిస్తే తప్ప దారి లేదు. సర్వే చేసేవాళ్లు లేరు. మా ఫైళ్లలో పూర్తి వివరాలు ఉన్న కుటుంబం ఏదైనా ఉందా అని వెతికితే, ఒక్కటి దొరికింది.

"తండ్రి రిటైరు. పట్టభద్రురాలైన కుమార్తెకు ఉద్యోగము లేదు. అనర్హత ఉత్తర్వు వలన సమీప భవిష్యత్తులో వచ్చు అవకాశమూ లేదు," అని చదువుతూ ఆయన మొహం విప్పారింది. "కష్టం స్థిరమైనది. తొంభై రోజులు ధారాళంగా నిలుస్తుంది. వేసెయ్యవయ్యా నంబరు రెండు."

కార్డు అందజేసి రమ్మని నన్నే పంపారు. గుత్తుల వారి ఇల్లు డిపో వెనక సందులో. నా వెనకాల అరవై మంది, కొత్త రిజిస్టర్లు చంకన పెట్టుకుని వచ్చారు. గుత్తుల వాళ్ల కోసం పట్టికలో ఈసారి అన్నం విరామం పెట్టాను. అది తప్ప నా వల్ల అయిందేమీ లేదు.

సందులోకి తిరిగేసరికి గుత్తుల వారి అరుగు నిండా జనం ఉన్నారు. రొయ్యల చెరువుల మీద నుంచి వచ్చిన ఆడవాళ్లు, ఒక్కొక్కరి పక్కన ఒకరిద్దరు పిల్లలు. వెంకటలక్ష్మి వాళ్లకి దోసెలు పంచుతోంది. ఆవిడ చెప్తేనే వచ్చారట వీళ్లంతా. గడువు దాటిపోయిందిగా అన్నాను. "దాటితే మాత్రం పిల్లని బెంచీ మీద కూర్చోనియ్యరా అని సుధమ్మగోరు అడిగేరండి. హెడ్మాస్టరుగారు, కాయితం ఉంటే కూర్చోబెడతానన్నారండి. కంప్యూటర్లో తరవాత ఎక్కిత్తారంట," అంది వెంకటలక్ష్మి. మధ్యలో చాప మీద నాగసుధ కాగితాలు రాస్తోంది. పక్కన యూనిఫారం గౌనుతో దీవెన, నాలుక బయటపెట్టి, ప్రతి తెల్లకాగితం పైనా పెద్ద పెద్ద అక్షరాలతో "విషయం" అని రాసి ఇస్తోంది.

నేను కార్డు తీసేలోపే వినోద్ ముందుకొచ్చి రిజిస్టరు తెరిచాడు.

"సుధగారూ, ఏమీ అనుకోకండి. మీ కష్టం ఏంటో చెప్తే రాసుకుంటామండి."

నాగసుధ తలెత్తింది. ఏదో చెప్పబోయింది. దీవెన గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"సెప్పకక్కా. సెప్తే తొంభై రోజులు ఉంచేత్తారు."

అరుగు మీద ఆడవాళ్లు నవ్వారు. అరవై మందిలో కొందరు నవ్వారు. వినోద్ నవ్వలేదు. రిజిస్టరు మూసి, ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు. నేను కార్డుని జేబులోంచి పూర్తిగా తీయలేదు, తిరిగి పెట్టేయనూ లేదు.

"వచ్చారు కదా బాబాయిగారూ," అంది నాగసుధ, మామూలుగా, ఏమీ జరగనట్టు. "ఇంకా పదకొండు కాగితాలున్నాయండి. సూచిక మీరు రాసి పెట్టరూ? మీ దస్తూరీ అయితే హెడ్మాస్టరుగారు చూడను కూడా చూడరు."

సహాయం చేస్తే ఏమవుతుందో మా ఆఫీసులో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఉత్తర్వు టైపు చేసింది నేనే. నాకింకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది. వెనక అరవై మంది సాక్షులున్నారు. చెప్పులు విప్పి, చాప మీద కూలబడి, పెన్ను తీశాను.

దీవెన నా చేతుల వైపు అనుమానంగా చూసింది. కాగితం వెనక్కి లాక్కుంది.

"ముందు చేతులు కడుక్కురా తాతా," అంది.

లేచి వెళ్లి కడుక్కొచ్చాను.